గేర్‌బాక్స్‌కి మీటరు బిగించిన మామ

తిరువళ్లూరులో మా మెకానిక్ మామ పోయాడని ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. "మీ మామ లేడు నాయనా, నిద్రలోనే పోయినాడు" అని అత్త ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. అప్పుడు పొదటూరుపేట నుంచి ఆస్పత్రికి వెళ్లే ఒక ముసలామె నా కారులో ఉంది. ఆమెను దింపి వెళ్లాను. దారంతా ఏడుపు రాలేదు. అలసట తప్ప ఇంకేమీ తెలియలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఫ్యాక్టరీలో ఎడమ కాలు నలిగాక క్లచ్ తొక్కలేక, నేనొక పాత ఆటోమేటిక్ కారు కొని బాడుగకు తిప్పుకుంటున్నాను. కొన్న ఏడాదే తిరుత్తణి కొండెక్కుతుంటే గేర్‌బాక్స్ కాలిపోయింది. బాగు చేయించినా మళ్లీ కాలుతుందని, అమ్మేయమని ఇద్దరు మెకానిక్‌లు చెప్పారు. తన షెడ్డుకు తీసుకెళ్తే మామ మాత్రం నా కాలు చూసి, "అమ్మేసి యేం నడుపుతావు?" అన్నాడు.

ఇంజన్ వేడి చూపే ముల్లు కారులో ఉంది గానీ గేర్‌బాక్స్ వేడి చూపేది లేదు. గేర్‌బాక్స్ బాగు చేసి, అది విడిగా బిగిద్దామన్నాడు. "కాలిన వాసన వచ్చినాక మనం చేసేది యేమీ లేదు అల్లుడా. ముందే తెలియాల." గేర్‌బాక్స్ ఆయిలు చల్లారడానికి పోయేదొకటి, చల్లారి తిరిగొచ్చేదొకటి, రెండు గొట్టాలుంటాయి. అందులో ఒకదాన్ని కోసి మధ్యలో సెన్సర్ పెట్టి, వైరు లాగి, స్టీరింగ్ పక్కన మీటరు బిగించాడు. అంతకుముందు ఎప్పుడూ చేయని పని. రెండు రోజులు కారు కిందే ఉన్నాడు. బిగించిన ప్రతి నట్టునూ కళ్లు మూసుకుని తడిమేవాడు. "కన్ను తొందరపడతాది, వేలు పడదు" అనేవాడు.

బండి ఇంటికి తెచ్చుకున్న నాలుగో రోజు పొద్దున్నే తిరుత్తణిలో మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. మొదటి బస్సుకే వచ్చేశాడు.

"బండి తీయబాక. తప్పు చేసినాను."

"మీటరు బాగానే ఉండాది కదా మామా. ముల్లు పైకే పోలేదు."

"అదే తప్పు. చల్లారి వచ్చే గొట్టానికి పెట్టినాను. వేడిది ఇంకోటి. ఆ ముల్లును నమ్ముకోని నువ్వు కొండెక్కింటే?"

చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు. మా గడప ముందే కారు కిందికి దూరి సాయంత్రానికి సెన్సర్ మార్చాడు. భోజనానికి కూడా లేవలేదు.

ఆ నెలలోనే నిండు బండితో కొండెక్కుతుంటే ముల్లు ఎర్ర గీతను తాకింది. పక్కకు తీసి, ఆయిలు తిరుగుతూ చల్లారేలా ఇంజన్ ఆపకుండా న్యూట్రల్‌లో ఉంచి, ముల్లు దిగేదాకా కూర్చున్నాను. గేర్‌బాక్స్ దక్కింది. ఇవాళ్టికీ అదే నా కూడు. అక్కడినుంచే మామకు ఫోన్లో చెప్పాను. "సరి, నిదానంగా దిగు" అన్నాడు.

తన తప్పు తానే చెప్పడానికి బస్సెక్కి వచ్చే మనిషి మీకూ ఎక్కడో ఒకరు తగిలే ఉంటారు. నాకు ఈయనొక్కడే.

దహనం అయ్యాక అందరం వాళ్లింటి ముందున్న షెడ్డుకొచ్చాం. కారు కింద పడుకునేందుకు ఆయన పరుచుకునే ఫ్రిజ్ డబ్బా అట్ట నేలమీద అలాగే ఉంది. రెండు భుజాలు ఆనిన చోట ఆయిలు ఇంకి నల్లబడింది. తీసేద్దామని ఎవరో వంగారు.

"ఉండనీ" అంది అత్త. పడుకున్న మనిషిని దాటకూడదన్నట్టు, అట్ట చుట్టూ తిరిగి లోపలికి వెళ్లింది.