బబులోనులో నాన్న

నిన్న అటక సర్దుతుంటే, నాన్న ఒకసారి సెలవుకి వస్తూ బస్రా నుంచి తెచ్చిన రేడియో దొరికింది. వెనక మూత తీయగానే కారిపోయిన బ్యాటరీల పులుపు వాసన కొట్టింది. దానితో పాటే తొంభై ఒకటి జనవరి చలీ, మెట్టుగూడలో మా రెండు గదుల రేకుల ఇల్లూ, కిరసనాయిలు స్టవ్ మీద మరిగే టీ, క్రిస్మస్‌కి వండి ఎవరూ ముట్టని గులాబీ పువ్వులూ లేచొచ్చాయి.

నాన్న బస్రాలో పైపుల ఫిట్టర్. ఇరాక్ కువైట్‌లోకి జొరబడిందని విన్నప్పుడు పక్కిళ్ళ గోడ తగాదాలే అనుకున్నాం. ఎక్కడ! సౌదీ భయపడి అమెరికాను పిలిచింది, దాని వెనకే బ్రిటన్, ఫ్రాన్స్ వచ్చాయి, నిన్నటిదాకా అమెరికా పేరెత్తితే మండిపడ్డ సిరియా కూడా ఇరాక్ మీది కోపంతో అటే చేరింది, చివరికి ఇజ్రాయెల్ దిగితే అరబ్బు దేశాలు తప్పుకుని ఈ జట్టు చీలుతుందని ఇరాక్ పోయి దాని మీద రాకెట్లు వేసింది. వాడలో పిల్లలం నేల మీద సున్నా గీసి దేశాలు పంచుకుని ఆడితే, ఇరాక్ మాత్రం నాకే అంటగట్టేవాళ్ళు. "మీ నాయిన ఆడ్నే ఉన్నడు గదనే!" అనేది పక్కింటి సుజాత. ఒళ్ళు మండిపోయేది. బస్రాలో నాన్నతో పనిచేసేవాళ్ళంతా ముందే ఇళ్ళకు చేరారు. నాన్న పాస్‌పోర్టు కంపెనీవాళ్ళ చేతిలో ఇరుక్కోవడంతో ఆయన మిగిలిపోయాడు. ఉత్తరాలు ఆగిపోయాయి.

గురువారం మా ఇంట్లో గృహ ప్రార్థన. సంఘపెద్ద డేనియల్ తాతగారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనాయన, ఇరాక్ అంటే పాతకాలపు బబులోనేనని, ప్రవక్తలు చెప్పిన గడియ వచ్చేసిందని తేల్చేశారు. కళ్ళు మూసుకుని, గొంతు పెంచి, "ప్రభువా, బబులోను కూలిపోవాలి!" అన్నారు. చాప మీద అందరూ ఆమేన్ అన్నారు.

ప్రార్థన మధ్యలో లేవడం మాలో ఎవరూ ఎరగరు. అమ్మ లేచింది.

"ఆగండి తాతగారూ! ఆ బబులోనులోనే మా ఆయనున్నాడు. అది కూలితే ఎవరి నెత్తిన పడుద్దండీ?"

తాతగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నువ్వే చెయ్యమ్మా ప్రార్థన," అన్నారు. అమ్మ నోట ఒక్క ముక్కే వచ్చింది: "ఆయన్ని ఇంటికి పంపించు." టీ మీద మీగడ కట్టింది, ఎవరూ తాగలేదు.

ఎండలు ముదిరాక నాన్న సగం మనిషై వచ్చాడు. కృతజ్ఞత కూడికలో తాతగారు, ఈసారి మెల్లగా, ఎవరి కోసం ప్రార్థించమంటావని నాన్నని అడిగారు.

"బస్రాలో హసన్ వాళ్ళ కోసమండీ. వాళ్ళింట్లో దాచి నన్ను బతికించారు. తర్వాత ఆ ఇంటి మీదే బాంబు పడింది. నేను రొట్టెల కోసం బయటికెళ్ళానప్పుడు. తిరిగొచ్చేసరికి అందర్నీ ఎక్కడికో మోసుకెళ్ళారు. వాళ్ళమ్మాయి నూర్‌ది మా పిల్ల వయసే."

ఆ రేకుల ఇంటి చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉంది. చాపలు పరిచే గురువారాలు పోయాయి, తాతగారు పోయారు, అమ్మా నాన్నా పోయారు. పోయేదాకా నాన్న భోజనానికి కూర్చున్నప్పుడల్లా ప్రార్థనలో నా పేరు తర్వాత నూర్ పేరు చెప్పి గానీ ముద్ద ఎత్తలేదు. ఆ పిల్ల బతికుందో లేదో ఆయనకు తెలియలేదు.