పొంతన లేదని పక్కన పెట్టిన జవాబులు

ఈ సంగతి గురించి మా సంస్థకు ఉద్యోగంలో ఉండగా రాశాను, ఆ ఉద్యోగం పోయాక రాశాను, వేరేచోట పనిచేసి పదవీ విరమణ చేశాక కూడా రాశాను. ఉత్తరం అందిందన్న ఒక్క ముక్క కూడా తిరిగి రాలేదు. ఆ మధ్య ఒక సదస్సులో మా పాత ప్రొఫెసర్ ఎదురుపడి, "మీరింకా దాని గురించే ఆలోచిస్తున్నారా?" అని నవ్వి టీ తాగడానికి వెళ్ళిపోయారు. అందుకే ఇక సంస్థకు రాయడం మాని, నేర పరిశోధన ఎలా జరుగుతుందో తెలుసుకోవాలనుకునే పాఠకుల ముందు పెడుతున్నాను.

మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సింగపూర్ బ్యాంకుల్లో పనికి వరసగా దిగుతున్న రోజులవి. నేను ఇక్కడే పుట్టినవాణ్ణి. మా తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఓడరేవులో పనిచేశారు. నేరశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి ఒక పరిశోధన సంస్థలో రిసెర్చ్ అసోసియేట్‌గా చేరాను. ప్రొఫెసర్ కింద సీనియర్ ఫెలో, ఆమె కింద నేను. బడులకు వెళ్ళి పిల్లల చేత ప్రశ్నపత్రాలు నింపించేది నేను. సదస్సుల్లో మాట్లాడేది వాళ్ళిద్దరు. నా కుర్చీ ఫోటోకాపీ యంత్రం పక్కన ఉండేది. కిటికీ దగ్గర చోటు ఖాళీ అయినప్పుడు కూడా నాకివ్వలేదు.

ఆ ఏడాది మాకు అప్పగించిన పని, పద్నాలుగేళ్ళ ఈడు పిల్లల్లో స్వీయ నియంత్రణకీ, వాళ్ళు చేసే తప్పుడు పనులకీ, వాళ్ళకు జరిగే హానికీ ఉన్న సంబంధం కొలవడం. ప్రశ్నపత్రం మొదటి భాగంలో "ఆలోచించకుండా చేసేస్తాను", "కోపం ఆపుకోలేను" లాంటి మాటలుంటాయి. వాటి మీద పెట్టిన గుర్తులను బట్టి పిల్లవాడికి తన మీద తనకు ఎంత అదుపుందో లెక్క కడతాం. రెండో భాగంలో దుకాణంలో దొంగిలించావా, ఎవరినైనా కొట్టావా అని అడుగుతాం. మూడో భాగంలో నిన్నెవరైనా కొట్టారా, బెదిరించారా అని. అదుపు తక్కువున్న పిల్లలే తప్పులూ చేస్తారు, వాళ్ళే దెబ్బలూ తింటారు అన్నది మా రంగంలో బలంగా పాతుకున్న అభిప్రాయం. చాలామంది విషయంలో అది నిజమే, నేను కాదనను.

పత్రం మీద పేరు ఉండదు. టీచరు గదిలో ఉండకూడదు. ఇంత జాగ్రత్త పడి, నిండిన పత్రాలను పోగుచేసే పని మాత్రం క్లాసు మానిటర్‌కి అప్పగించేవాళ్ళం. ఇక్కడి క్లాసుల్లో ఏ కాగితమైనా మానిటరే పోగుచేస్తాడు, అది అలవాటు. ఎవరి పత్రం వాళ్ళు కవర్లో పెట్టి అంటించి నాకే ఇవ్వాలని మొదట్లోనే అన్నాను. టైము ఎక్కువ పడుతుందని ఫెలో కొట్టిపారేశారు.

టాంపినీస్ పేటలోని ఒక బడిలో ఓ క్లాసు పూర్తిచేసి, రైలు స్టేషనుకి వెళ్ళే ఫీడర్ బస్సు కోసం నిలబడి మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతున్నాను. ఇందాక రెండో వరసలో కూర్చున్న కుర్రాడు పక్కకి వచ్చి నిలబడ్డాడు. కార్తీక్ అందాం, అసలు పేరు కాదు.

"అంకుల్, మీరు తెలుగా? నా పేపర్ వెనక్కి ఇచ్చేస్తారా, ప్లీజ్."

పేరే లేదు కదా, ఏది నీదో నాకు కూడా తెలియదన్నాను.

"మీకు తెలీదు లా," అన్నాడు, ఇక్కడి పిల్లల్లా మాట చివర "లా" తగిలించి. "వాడికి తెలుసు. కలెక్ట్ చేసేటప్పుడు తిప్పి చూశాడు."

బస్సు వచ్చి వెళ్ళిపోయింది. మానిటరూ, అతని స్నేహితులిద్దరూ కొన్ని నెలలుగా కార్తీక్‌ని దుకాణాల్లోకి పంపి గేమ్ సీడీలు దొంగతనంగా తెప్పిస్తున్నారు. వాళ్ళు బయట నిలబడతారు. తేకపోతే కొడతారు. పత్రంలో దొంగిలించానని గుర్తు పెట్టాడు, బెదిరించారనీ పెట్టాడు. ఎందుకు పెట్టావని అడిగితే, "మీరే కదా అంకుల్, ఎవరూ చూడరన్నారు" అన్నాడు.

ఇంట్లో చెప్పావా అన్నాను.

"డాడీకి పాస్ రెన్యువల్ ఉంది. పోలీస్ కేసు అయితే పాస్ ఇవ్వరు. అప్పుడు ఫ్యామిలీ మొత్తం గాన్ కేస్, ఇంక అంతే."

ఆ భయం అప్పట్లో మన ఐటీ కుటుంబాల్లో చాలాచోట్ల విన్నాను. ఇక్కడ ఉండి పనిచేయడానికి ప్రభుత్వమిచ్చే ఉద్యోగ పాస్ గడువును బట్టి బతికేవాళ్ళు. ఫిర్యాదు చేసినవాడి పేరు కూడా ఎక్కడో నమోదవుతుందని, అదే తమను వెనక్కి పంపిస్తుందని నమ్మేవాళ్ళు. అలా ఎవరికి జరిగిందని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయేవారు.

కార్తీక్ ఇంటి చిరునామా అడిగి ఉంచుకున్నాను. మా నిబంధన ప్రకారం, పిల్లవాడికి ప్రమాదం ఉందని తెలిస్తే పరిశోధకుడు తనంతట తాను బడికి గానీ ఇంటికి గానీ చెప్పకూడదు. ప్రొఫెసర్‌కి చెప్పాలి, ఆయన నిర్ణయించాలి. ఆ సాయంత్రమే చెప్పాను. ఆ బడిలో ఇంకొన్ని క్లాసులు మిగిలాయి, ఇప్పుడు గొడవైతే మిగతా బడులూ మనల్ని రానివ్వవు, అవి కానివ్వండి అన్నారు. "మీరు చేసేది సర్వే. సోషల్ వర్క్ కాదు" అని ఫెలో వంత పాడారు.

మర్నాడు మళ్ళీ అదే బడికి వెళ్ళాను. కార్తీక్ క్లాసు ముందు నుంచి నడుస్తూ లోపలికి చూశాను. రెండో వరసలో ఒక కుర్చీ ఖాళీ. తలుపు దగ్గరున్న మానిటర్ "గుడ్ మార్నింగ్, సర్" అన్నాడు, ఎంతో మర్యాదగా. జ్వరం వచ్చి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. కాకపోతే? నిన్న బడి వదిలాక వాళ్ళు అతని కోసం కాచుకున్నారా? ఆ రోజు కొత్త క్లాసుకి సూచనలు చదువుతుంటే "మీ జవాబులు ఎవరూ చూడరు" అన్న వాక్యం చదవకుండా వదిలేశాను. పత్రాలన్నీ నేనే బల్ల బల్లకీ తిరిగి తీసుకున్నాను.

సాయంత్రం నిబంధన పక్కన పెట్టి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తల్లి తలుపు తీసింది. ఆమె వెనక కార్తీక్ నిలబడి ఉన్నాడు, పెదవి వాచి ఉంది. ఫుట్‌బాల్ తగిలిందని చెప్పాడట. కొడుకు వద్దన్నట్టు తల ఊపుతూనే ఉన్నా నేను మొత్తం చెప్పాను. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన తండ్రి అంతా విని, "మీ తెలుగేమిటి సార్, అరవ యాసలా ఉంది" అన్నాడు మొట్టమొదట. అది కూడా నాకు గుర్తుంది. తరవాత అసలు మాటకి వచ్చాడు. "మీకేం, మీరు ఇక్కడివాళ్ళు. మాకు రెన్యువల్ నెత్తి మీదుంది. వీడి క్లాసు మార్చమని అడుగుతాను, చాలు."

"ఏమని అడుగుతారు?" అంది ఆమె. "ఫుట్‌బాల్ తగిలిందని క్లాసు మారుస్తారా?"

"నువ్వు కాస్త ఆగు."

"ఇన్నాళ్ళూ ఆగాడు కదండీ వీడు. పాస్ ఇవ్వకపోతే గుంటూరులో బతకమా? అన్నయ్యగారూ, రేపు పొద్దున మీరు మాతో వస్తారా?"

వెళ్ళాను. ఇక్కడి బడుల్లో పిల్లల నడవడి చూడటానికి ప్రత్యేకంగా ఒక టీచరుంటారు. ఆయన ముందు నమ్మలేదు, మానిటర్‌కి మంచి పేరుంది. కార్తీక్ ఏ దుకాణం, ఎవరెక్కడ నిలబడ్డారు, ఏం తెమ్మన్నారు అన్నదంతా తడబడకుండా చెప్పాడు. ఆ ముగ్గురినీ విడివిడిగా పిలిచి అడిగితే ఒకడు ఒప్పుకున్నాడు. దుకాణాల సంగతి కూడా బడే చూసుకుంది. మానిటర్ పదవి పోయింది, ముగ్గురినీ శిక్షించారు. కార్తీక్‌ని వేరే క్లాసులో వేశారు. తండ్రి పాస్ మామూలుగానే పొడిగించారు. ఆ విషయం ఎవరూ ఎత్తలేదు.

నాకు మాత్రం నిబంధన మీరినందుకు మెమో ఇచ్చారు. దాన్ని నేను అంగీకరించలేదు, సంతకం పెట్టలేదు.

అసలు అన్యాయం విశ్లేషణలో జరిగింది. లెక్కలు వేసే ముందు నమ్మదగని పత్రాలను ఏరేస్తాం, దాన్ని డేటా శుభ్రం చేయడం అంటాం. అన్నిటికీ ఒకే గుర్తు పెట్టినవి, సగంలో వదిలేసినవి తీసేయడం సబబే. కానీ తన మీద తనకు మంచి అదుపున్నట్టు, అయినా పదే పదే దొంగతనం చేసినట్టు చూపే పత్రాలను కూడా "పొంతన లేని జవాబులు" అని తీసేయమన్నారు. వాటిని నేను బల్ల మీద విడిగా పేర్చి చూశాను. చాలావాటిలో మూడో భాగంలో బెదిరించారన్న చోట గుర్తుంది. ఇవి నిర్లక్ష్యంగా నింపినవి కావు, భయంతో బతికే పిల్లలవి అన్నాను. "ఎవరికైనా భయపడి చేశావా?" అన్న ఒక్క ప్రశ్న చేర్చి మళ్ళీ అడుగుదామన్నాను. వినలేదు, తీసేశారు. తీసేశాక సిద్ధాంతం చక్కగా అతికింది. అచ్చయిన నివేదికలో ఆ పత్రాల ప్రస్తావన లేదు. కృతజ్ఞతల్లో నా పేరూ లేదు. ఏడాది చివర నా కాంట్రాక్టు పొడిగించలేదు.

నేను నేర్చుకున్నది ఇది. తనను తాను అదుపులో పెట్టుకోగల పిల్లవాడు బెదిరింపును ఎక్కువ కాలం బయటికి చెప్పకుండా మోస్తాడు. ఆ బరువు కింద అతను చేసిన దొంగతనం మన కొలతకు అందకపోతే మార్చాల్సింది కొలతను, పారేయాల్సింది పత్రాన్ని కాదు.

ప్రొఫెసర్‌గారూ, ఆ పత్రాలు తీసేయాలన్న నిర్ణయం ఎవరిది? తీసేసిన సంగతి నివేదికలో ఎందుకు రాయలేదు? నేను అడిగిన ఆ ఒక్క ప్రశ్న చేర్చడానికి ఏం అడ్డొచ్చింది? మీ సంతకంతో, రాతపూర్వకంగా నాకు జవాబు కావాలి.