నాందేడ్కర్ గారి మూడో బొమ్మ

కెనడాలోని బ్రాంప్టన్‌లో మా పక్కింటి నాందేడ్కర్ గారు మరాఠీ ఆయన. పుట్టి పెరిగింది కాచిగూడలో కనుక తెలుగు మనకంటే ధాటిగా మాట్లాడతారు. ఇక్కడికొచ్చాక ముప్పై ఏళ్ళు ఒక ఫర్నిచర్ కంపెనీలో బొమ్మలు గీశారు. అల్మరా ఎలా బిగించుకోవాలో చూపించే కాగితాలుంటాయే, అవి. అందులో మనుషులకు ముఖాలు ఉండకూడదట. ముఖాలు గీయడం వచ్చిన మనిషికి ఎంత శిక్ష!

ఆ కసి తీర్చుకోవడానికి ఏడాదికి ఒక్క కార్టూన్ పుణెలోని ఒక పత్రిక దీపావళి సంచికకు పంపేవారు. ముందు పెన్సిల్‌తో గీసి భార్య సులభ గారికి చూపించాలి. ఆవిడ నవ్వితే ఇంకు పడుతుంది, నవ్వకపోతే చెత్తబుట్టలో పడుతుంది. ఆవిడ అంత తేలిగ్గా నవ్వే రకం కాదు. ఒక్కో ఏడు పదిహేను బొమ్మలు చింపించేవారు.

పోయిన ఏడు మార్చిలో సులభ గారు పోయారు. ఆగస్టు నెలాఖరులోగా కార్టూన్ పంపాలి. చూపించడానికి మనిషి లేదు. ఒకరోజు పొద్దున్నే ప్యాడ్ చంకన పెట్టుకుని మా తలుపు తట్టారు.

“హైమావతి గారూ, జర చూసి చెప్పండి. నవ్వొస్తే పంపుత. లేకుంటే ఈ ఏడాది బంద్.”

నాకు బొమ్మల సంగతి తెలియదు. మొహమాటం మాత్రం దండిగా ఉంది. పాపం ఒంటరివాడు, నవ్వితే నా సొమ్మేం పోయింది అనుకున్నాను. మొదటి బొమ్మకు నవ్వాను. రెండోదానికి ఇంకాస్త గట్టిగా నవ్వాను. మూడోదాంట్లో ఒక బట్టతలాయన బస్సులో నిటారుగా కూర్చుని, ఆడవాళ్ళ చెప్పుల జత ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. దానికైతే పకపకా నవ్వేసి, “అబ్బ, ఇది అదిరింది అంకుల్! పెళ్ళానికి భయపడే రకమా?” అన్నాను.

ఆయన ప్యాడ్ తన వైపు తిప్పుకుని చూశారు.

“గది కార్టూన్ కాదమ్మా. ప్యాడ్‌ల ఉండిపోయింది, తీసుడు మర్చిపోయిన. సులభ పోయిన్నాడు ఆస్పత్రోళ్ళు ఆమె చెప్పులు నా చేతిల పెట్టిన్రు. గట్లనే బస్సుల ఇంటికొచ్చిన.”

సిగ్గుతో చచ్చిపోయాను. సారీ అంకుల్ అని ఎన్నిసార్లు అన్నానో! “అయ్యో, మీ తప్పేం లేదు” అంటూ ఆయనే నన్ను ఓదార్చి, ఇచ్చిన కాఫీ మిగల్చకుండా తాగి వెళ్ళారు.

ఆ ఏడు పత్రికకు ఆయన ఏమీ పంపలేదు. చలికాలంలో ఇద్దరం ఇళ్ళ ముందు డ్రైవ్‌వేల్లో మంచు తీస్తుంటే కనిపించారు. మోకాళ్ళ నొప్పుల గురించి బోలెడు మాట్లాడారు. ఉండబట్టలేక, మళ్ళీ ఏమైనా గీస్తున్నారా అని అడిగాను.

“గీసి ఎవరికి చూపియ్యాలె?” అన్నారు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను.