బావ లారీకి నేను పూసిన తారు

మొన్న కోయిలకుంట్లలో మా మేనల్లుడు కొత్త లారీ తెచ్చి, అడుగు భాగమంతా కంపెనీవాళ్లే ఏదో మందు కొట్టారనీ, ఇక ఏళ్లపాటు తుప్పు ఊసే ఉండదనీ గొప్పగా చెప్తుంటే, నేను మోకాళ్లను బతిమాలుకుంటూ గోనెపట్ట పరుచుకుని బండి కిందికి దూరాను. ముందు చక్రం వెనక, కంకర ఎగిరి తగిలేచోట, వేలిగోరంత పూత అప్పుడే లేచిపోయి ఉంది. చెప్పుకోకూడదు గానీ, ఈ డెబ్బై ఏళ్ల వయసులోనూ అలాంటిది నా కంటబడకుండా పోదు.

వయసులో ఉన్నప్పుడు నా పని అదే. పూత లేచినచోట ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, కిరసనాయిలుతో తుడిచి, తుప్పు పట్టనివ్వని ఎర్ర రంగు రెండు పూతలు వేసి, అది బాగా ఆరాక పైన నల్లతారు పూసేవాణ్ణి. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన వైపు తుప్పంటే ఎవరికీ భయం లేదు. ఉతికిన పంచె దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోయే ఎండల్లో ఇనుముకేం రోగమని నవ్వేవాళ్లు. మా భయమంతా దుమ్మూ కంకర దెబ్బల గురించే, తారు పూయించుకునేదీ అందుకే.

మా అక్క భర్తకు ఒకే ఒక లారీ, నడిపేదీ ఆయనే. ఇక్కడి నాపరాళ్లు నల్లమల ఘాట్ దాటించి సముద్రం వైపు చేర్చి, వచ్చేటప్పుడు ఉప్పు వేసుకొచ్చేవాడు. క్రిస్మస్ వస్తోందంటే ఇంటికి సున్నం, పిల్లలకు కొత్త బట్టలు, లారీకి అడుగున తారు, ఈ మూడూ మా ఇంట్లో తప్పేవి కావు. పండగనాడు చర్చి ముందు బండి నిలిపితే అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు, నేను పక్కన నిలబడి నా పనితనాన్ని ఎవరైనా వంగి చూస్తారేమోనని ఎదురుచూసేవాణ్ణి.

ఒక ఏడాది నా తెలివి కాస్త ఎక్కువైంది. వెనక స్ప్రింగు కట్లను మోసే అడ్డ దూలం లోపల డొల్లగా పెట్టెలాగా ఉంటుంది. దాని అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటే, దుమ్ము దూరుతుందని వాటిని తారుతో శుభ్రంగా మూసేశాను. ఎందుకప్పా మూసినావని బావ అడిగితే, నా పని నాకు నేర్పొద్దని ఎకసెక్కంగా జవాబిచ్చాను. అవి నీళ్లు కారిపోవడానికి వదిలినవని, నీళ్లెరగని ఊళ్లో పుట్టిన నాకు తోచనే లేదు.

ఎండాకాలం చివర్లో, నాపరాళ్లు ఎత్తించి తెల్లారి బయల్దేరబోతున్న బండికి, చక్రం దగ్గర పూత లేచిందంటే సరిచేయడానికి కిందికి దూరాను. అలవాటు కొద్దీ ఆ దూలం మీద సుత్తితో తట్టాను. ఖంగుమనాల్సింది దబ్బుమంది. మూసిన తారు పొడిచి తీస్తే గోధుమరంగు నీళ్లు నా ముఖం మీద కారాయి. పెదవికి ఉప్పగా తగిలింది. ఉప్పు లోడు నుంచి కారిన నీళ్లన్నీ నెలల తరబడి లోపలే నిలిచిపోయాయన్నమాట. స్క్రూడ్రైవరు ఆనిస్తే ఇనుములోకి దిగిపోయింది. అంత బరువుతో ఘాట్ మలుపులో అది విరిగితే ఇరుసు పక్కకు జరుగుతుంది, ఆ తర్వాత లోయే.

నిజం చెప్తాను, బయటికి రావడానికి నాకు చాలాసేపు పట్టింది. ఊరంతా మెచ్చుకునే చేతులు నావి, తప్పు నాదని ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి ముఖం కూడా తుడుచుకోకుండా వెళ్లి బావ ముందు నిలబడి చెప్పేశాను. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అక్క చేట కింద పెట్టి లేచి వచ్చింది. బావ బండి కిందికి వెళ్లి చూసుకుని వచ్చి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు నోరు మూసుకోనుండింటే, రేపు ఘాట్లో నా కత ముగిసిపోయిండేది గదప్పా. ఇంక కూడు తిందాం పా."

ఒకే కంచం ముందు కూర్చుని తిన్నాం. రాళ్లు దింపించి, దూలం మార్పించి, నాలుగు రోజులు నేనే అడుగంతా గీకి మళ్లీ పూశాను, ఈసారి ప్రతి రంధ్రంలోనూ పుల్ల పెట్టి చూశాను. ఆ తర్వాత బావ తన లారీ అడుగును ఇంకొకరి చేత తాకించలేదు. ముసలితనం వచ్చాక ఆయన తన మంచం మీదే, నిద్రలోనే కన్నుమూశాడు. అది తలుచుకుంటే నాకు ఈనాటికీ గర్వంగానే ఉంటుంది.

నీ బండికి మందు కొట్టినవాడెవడని మేనల్లుణ్ణి అడిగితే నవ్వి, పేరెవరికి తెలుస్తుంది, ఏదైనా తేడా వచ్చినా గ్యారంటీ కాగితం చూపిస్తే మళ్లీ కొడతారు మామా అన్నాడు. పూత మాత్రం మా కాలానికంటే బాగుందనే ఒప్పుకుంటాను. కానీ పూసినవాడు రేపు తన తప్పు కనిపెడితే, పరుగెత్తుకొచ్చి ఎవరి ముందు నిలబడాలో వాడికి తెలియదు.