మేజర్ సాబ్‌ను ఎగరనియ్యని పొద్దు

శామీర్‌పేట దాటినంక బండరాళ్ల నడుమ ఒక చిన్న రన్‌వే. నా ఆఖరి పోస్టింగ్ ఆడనే. ఎండకాలం. ట్రక్కు దిగంగనే వడగాలి మొఖానికి గొట్టింది. మచ్చ బొల్లారంల మా ఇల్లు దగ్గర్నే ఉన్నా సెలవు దొరకలే. నేను సుబేదార్‌ను, రేడియో డ్యూటీ. పోస్టుకు పెద్ద మా కెప్టెన్ మేడం.

రన్‌వే చివర ఒక చిన్న విమానం ఆగున్నది. ఇంజన్ ఖరాబై దిగితే బాగుచేసిండ్రు. తోక మీది నంబర్ వేరే దేశంది.

"దీన్ని తీస్కపోనీకి పైలట్ వస్తడు. పూరా చెక్ చేసినంకనే పంపాలె" అని మేడం ఆర్డర్.

పొద్దుగాల పైలట్ వచ్చిండు. జూడంగనే సెల్యూట్ కొట్టిన. మా మేజర్ సాబ్! కుత్బుల్లాపూర్ ఆయన. మంచుకొండల్ల నా కాలు విరిగిననాడు, ఈదురుగాలిల హెలికాప్టర్ దింపి నన్ను ఎత్తుకొచ్చిన మనిషి. ఇప్పుడు రిటైరైండు. భుజం మీద చెయ్యేసిండు గని, నా కండ్లల్లకు జూడలే. గేటు కాడ ఆయన ఎంబడి వచ్చిన, విమానం ఓనర్ తరఫు ఏజెంట్ ఫోన్ల గుసగుసలాడుతాండు. నాకు అనుమానం మొదలైంది.

మేడం లైసెన్స్ జూసింది. "ఇది మన దేశం లైసెన్స్ జూసి విమానం దేశమోళ్లు ఇచ్చిన ప్రైవేట్ లైసెన్స్ సార్. దీంతో సొంతానికే నడపొచ్చు, పైసలు తీసుకొని నడపొద్దు. మీకేమన్న ఇస్తున్నారా?"

"లేదు కెప్టెన్. ఓనర్ నా దోస్తు. ఊకెనే తీస్కపోతున్న."

"ఓనర్ ఏ ఊర్ల ఉంటడు సార్?"

సాబ్ నీళ్ల సీసా ఎత్తిండు.

మేడం నన్ను గేటు కాడికి పంపింది. నేనింక అడగకముందే ఏజెంట్ మొత్తుకున్నడు: "సార్‌కు అడ్వాన్స్ గూడ ఇచ్చినం. ఇగ జల్దీ పంపియ్యరాదు?"

వాపస్ వస్తుంటే బంకర్ కాడ సాబ్ అడ్డమొచ్చిండు. "ఏమన్నడు ఆడు?"

"అడ్వాన్స్ ఇచ్చినమన్నడు సాబ్."

"మేడంకు చెప్పకు. నడపరాదా నాకు? ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తాంది."

"మీకు రాక కాదు సాబ్. ఆ దేశం పోవంగ సముద్రం మీద ఏమన్న అయితే ఇన్సూరెన్సోళ్లు ఈ లైసెన్స్ మాటే పట్టుకొని పైసలియ్యరు. మీ ఇంటోళ్లు ఆగమైతరు."

సాబ్ గొంతు తగ్గించిండు. "నిన్ను ఎత్తుకొచ్చిననాడు రూల్ జూసిన్నా నేను?"

నడుముకున్న రేడియో తీసిన. అటెన్క బటన్ ఒత్తిన.

"మేడం, పైసలకే తీస్కపోతాండు."

"పక్కానా?"

"పక్కా."

"ఇంజన్ స్టార్ట్ కావొద్దు. ఓవర్."

సాబ్ నా పక్కనే నిలబడి అంతా విన్నడు.

కొన్ని దినాలకు ఆ దేశం కమర్షియల్ లైసెన్స్ ఉన్న పైలట్ వచ్చి విమానం తీస్కపోయిండు. నేను రిటైరై ఇల్లు చేరిన. మా గల్లీల పోరగాళ్లు మంచుకొండల ముచ్చట్లు అడుగుతరు, చెప్త. కానీ కండ్లు మూస్తే కనవడేది కొండలు గాదు. ఆ పొద్దు ఎగరొద్దన్నంక గూడ మేజర్ సాబ్ మండుటెండల ఆ విమానం కాడికి పోయిండు. జేబుల రుమాలు తీసి, ముందు అద్దానికి అతుక్కున్న పురుగులను మెల్లగ తుడిసిండు, రేపింకెవరో నడపబోయే విమానం అద్దాన్ని.