బ్యాండు మోతలో క్లారినెట్ కోసం: గూడెం నుంచి కొల్లేటి దాకా

పోయినేడాది మా మావయ్య ఒక పెళ్ళి ఊరేగింపులో క్లారినెట్ వాయిస్తుంటే వీడియో తీశాను. ఇంటికొచ్చి పెట్టి చూస్తే ఏముంది, గర్రుమని ఒకటే మోత! డ్రమ్ములూ బాకాలూ క్లారినెట్టూ కలిసి ముద్దైపోయాయి. మావయ్య చివరిదాకా ఓపిగ్గా చూసి, "నా వేళ్ళు బాగా కనపడ్డాయమ్మాయ్" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఈ జనవరిలో డాక్టరు ఆయన్ని ఇక ఊదే పని మానెయ్యమన్నారు. ఒప్పుకున్న కచేరీ ఒక్కటే మిగిలింది, కొల్లేటి లంకలో చర్చి వార్షికోత్సవం. నలభయ్యేళ్ళ వాయింపు ఎక్కడా సరిగ్గా రికార్డు కాలేదు. ఈసారీ చెడగొడితే నన్ను నేను క్షమించుకోలేను. అందుకే కచేరీ రోజు పొద్దున్నే, కెమెరా మీద బిగించే మైకు కొనడానికి బయల్దేరాను.

ఏలూరులో ఏడింటి ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నర లోపే తాడేపల్లిగూడెం. టికెట్టు పది రూపాయలు. దెందులూరు దాటాక చేలన్నీ మంచులో మునిగి ఉన్నాయి. రైలు కదులుతోందో, చేలే వెనక్కి తేలిపోతున్నాయో తెలియనంత మత్తుగా ఉంది. గూడెంలో వీడియో సామాన్లమ్మే ఆయన రెండు మైకులు చూపించాడు. ఒకటి మూరెడు పొడుగు, రెండోది పొట్టిది. "పొడుగుది తీసుకోండి మేడం, ఎంత దూరం నుంచైనా లాగేస్తుందండీ" అన్నాడు. నిజమే, నిశ్శబ్దంగా ఉన్న ఆ షాపులో ఆయన గుసగుస కూడా స్పష్టంగా వినపడింది. కొనేసేదాన్నే. మావయ్య బ్యాండు వాళ్ళు ఆ వీధి చివరి షెడ్డులో సాధన చేస్తుంటారని గుర్తొచ్చి, నచ్చనిది తిరిగిస్తానని చెప్పి, డబ్బు కట్టి రెండూ పట్టుకెళ్ళాను.

మావయ్య సాయంత్రానికి ఓపిక దాచుకుంటూ సాధనకి రాలేదు. నేను హెడ్‌ఫోను పెట్టుకుని కెమెరా లైటు వేశానో లేదో, బాకాల వాళ్ళంతా నా మీదకి వచ్చేశారు. పొడుగు మైకులో మళ్ళీ అదే గర్రు! డ్రమ్ము వాయించే సుందరం గారు పడీపడీ నవ్వారు. "లైటు పడితే మావాళ్ళు ఆగరండీ. వీడియోలో పడాలని కెమెరా మొహంలోకే ఊదుతారు. దూరం నుంచి లాగే మైకు మీకెందుకండీ, మేమే దగ్గరికొచ్చేస్తుంటే!" అన్నారు. పోయినేడాది ఏం జరిగిందో అప్పుడర్థమైంది. పొట్టి మైకుకి మోత తగ్గించే స్విచ్చుంది. అది నొక్కి, కెమెరాలో శబ్దం లెవెలు కూడా చేత్తో తగ్గించాను. డ్రమ్ము డ్రమ్ములా, బాకా బాకాలా విడివిడిగా వినపడ్డాయి. పొడుగుది షాపులో తిరిగిచ్చేసి పొట్టిదే ఉంచుకున్నాను, నాలుగు వేలయింది.

మధ్యాహ్నం ఏలూరు తిరిగొచ్చి, మూడొందలకి ఆటో మాట్లాడుకుని కొల్లేటి ఒడ్డుకి చేరి, అక్కణ్ణుంచి దోనె ఎక్కాను. నీళ్ళదీ ఆకాశానిదీ ఒకటే రంగు. గూడబాతులు ఆ రెండిటి మధ్యా ఎక్కడో తేలుతున్నాయి. "కెమెరా ఒళ్ళో పెట్టుకోండమ్మా. పిట్టల్ని చూసి లేచి నిలబడ్డారో, మీరూ చేపలూ ఒకచోటే!" అన్నాడు దోనె నడిపే ఆయన.

కచేరీ ఐదింటికి, ఇంకా ఎండ ఉండగానే మొదలైంది. లైటు వెయ్యనే లేదు. స్పీకరు పెట్టెలకి పక్కగా, మావయ్యకి నాలుగడుగుల్లో నిలబడ్డాను. చుట్టూ చెవులు పగిలే మోత. హెడ్‌ఫోనులో మాత్రం క్లారినెట్ తన దారిన తాను నీటి మీద పోతున్నట్టుంది. నాకు ఏడుపొచ్చింది. అయిపోగానే టేపు వెనక్కి తిప్పి, హెడ్‌ఫోను ఆయన చెవులకి పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇంత మెత్తగా వాయిస్తానా అమ్మాయ్ నేను?"

"అవును మావయ్యా."

"ఇన్నేళ్ళూ డ్రమ్ముల మధ్య నిలబడి, నన్ను నేను ఒక్కసారీ వినలేదమ్మా. ఇంకోసారి పెట్టు."

తిరుగు దోనెలో అదే ఆలోచన. మంచి మైకంటే దూరాన్ని దగ్గర చేసేదని అనుకున్నాను ఇన్నాళ్ళూ. మావయ్యకీ నాకూ మధ్య దూరమెప్పుడూ లేదు, మోతే ఉంది. కచేరీలు తీయాలనుకునే మీకు నేను చెప్పేది ఒక్కటే: మైకుని షాపులో విని కొనకండి. మీరు తీయబోయే బ్యాండు సాధన దగ్గరికే పట్టుకెళ్ళి, వాళ్ళు బాగా గట్టిగా వాయిస్తున్నప్పుడు హెడ్‌ఫోనులో వినండి. ఎందుకంటే కొందరు మనకోసం రెండోసారి వాయించలేరు.