పెద్దమ్మ గీసిన ఎర్ర గీతలు

ఆ ఇంగ్లీషు మాస్టారు ఎదురుపడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా పెద్దమ్మ గురించి చెప్పాలి.

నేను చదువుకున్న బడిలోనే పెద్దమ్మ ఆయా. పదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. సాయంత్రం బడి వదిలాక గదులు ఊడ్చి బోర్డులు తుడిచేది. బోర్డు మీద ఉన్నదంతా చదివాకే గుడ్డ పెట్టడం ఆమెకో అలవాటు. ఏడో తరగతి గదిలో ఇంగ్లీషు వాక్యాలుండేవి, ఏది సింపుల్, ఏది కాంపౌండ్, ఏది కాంప్లెక్స్ అని. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదట. అర్థం కానిదాన్ని తుడిచేయడానికి మనసొప్పక అక్కడే నిలబడి ఆలోచించేదట. నాలుగైదేళ్లు గడిచేసరికి ఏ వాక్యం ఏ రకమో పిల్లల కంటే ముందే చెప్పేసేది.

అది మాస్టారి కంట పడింది. "ఆయమ్మా, కళ్లు లాగుతున్నాయి. ఈ పది పుస్తకాలూ కాస్త చూసిపెట్టు" అన్నాడు ఒకరోజు. పది కాస్తా తరగతి మొత్తం అయింది. ఒకరోజు కాస్తా పదకొండేళ్లయింది. ఆయన స్టాఫ్ రూములో కాళ్లు చాపుకుని కూర్చుంటే, పెద్దమ్మ ఎవరూ రాని మూల నీళ్ల డ్రమ్ము పక్కన స్టూలు మీద ఎర్ర పెన్నుతో తల వంచుకుని దిద్దేది. కింద సంతకం మాత్రం ఆయనది. "ఎవరితోనూ అనకు, నీ ఉద్యోగానికే ముప్పు" అని బెదిరించింది కూడా ఆయనే. ఎంత తెలివో చూడండి.

దిద్దడంలో ఆమె గుర్తులు ఆమెవే. వాక్యం ఒంటరిగా నిలబడేదైతే కింద ఒక గీత. సమానమైనవి రెండు చేయీ చేయీ పట్టుకుంటే రెండు గీతలు. ఒకటి ఇంకోదాన్ని పట్టుకుని వేలాడుతుంటే పెద్ద గీత, దాన్ని ఆనుకుని వాలుగా చిన్న గీత. "తల్లి చంకన పిల్ల" అనేది నాతో. తరగతిలో ఎంతకీ తలకెక్కని పాఠం ఆ ఒక్క మాటతో ఎక్కింది నాకు.

నేను బడి వదిలిన చాలా ఏళ్లకి అక్కడ లైబ్రరీలో అసిస్టెంటు పోస్టు ఖాళీ అయింది. బడిలో పనిచేసేవాళ్లు ఎవరైనా పరీక్ష రాయొచ్చన్నారు. అప్పటికి పెద్దమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. నీళ్ల బకెట్టుతో మూడంతస్తులు ఎక్కడం ఇక ఆమె వల్ల కాదు. ఆ పోస్టు రాకపోతే పని మానుకోవడమే. పట్టుదలగా చదివి రాసింది. ఇరవై ఇంగ్లీషు వాక్యాలిచ్చి రకం గుర్తించమంటే ఇరవైకి ఇరవై వచ్చాయి. చేతి అలవాటు కొద్దీ ప్రతి దాని కిందా తన గీతలు గీసింది.

అదే కొంప ముంచింది. "ఇవి మాస్టారి గుర్తులు కదా" అన్నారు హెడ్మిస్ట్రెస్, బడిపిల్లల పుస్తకాల్లో ఆవిడ ఏళ్ల తరబడి చూస్తున్నవే. ప్రశ్నపత్రం తయారు చేసింది మాస్టారు. ఆయన బల్ల తుడిచేది పెద్దమ్మ. ఇంకేముంది, జవాబుల కాగితం దొంగతనంగా చూసి గీతలతో సహా ఎక్కించేసిందని తేల్చారు. మాస్టారిని గట్టిగా అడిగితే, "నా బల్ల మీదే ఆ కాగితం ఉన్నట్టు గుర్తు మేడమ్" అన్నాడు.

పెద్దమ్మ ఇంటికొచ్చి చెబుతుంటే కోపం ఆపుకోలేక మధ్యలోనే అడ్డుపడ్డాను.

"మరి నువ్వెందుకు ఊరుకున్నావు పెద్దమ్మా?"

"ఊరుకోలేదే. పుస్తకాలు దిద్దేది నేనేనని చెప్పాను. ఆయా ఇంగ్లీషు దిద్దడమేంటని నవ్వారు."

ఆ నవ్వు నాకు కాపీ నింద కంటే ఎక్కువ గుచ్చుకుంది. అటకెక్కి నా ఏడో తరగతి నోటుపుస్తకం వెతికి దించాను. మర్నాడు పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళ్లి హెడ్మిస్ట్రెస్ బల్ల మీద తెరిచి పెట్టాను. ఒక పేజీలో, చంకన పిల్ల గీత కింద, అదే ఎర్ర సిరాతో తెలుగులో ఇలా ఉంది: "టిఫిన్ డబ్బా ఇంట్లో మర్చిపోయి వచ్చావు. తెచ్చి నా స్టూలు కింద పెట్టాను. ఆకలితో ఉండకు, పిచ్చిమొద్దూ." దాని కింద మాస్టారి సంతకం. చదవకుండా పెట్టిన సంతకం.

హెడ్మిస్ట్రెస్ పెద్దమ్మ జవాబు పత్రంలో తెలుగులో రాసిన పేజీ పక్కన పెట్టుకుని చేతిరాత పోల్చి చూశారు. మాస్టారిని పిలిపించి, "ఇది మీరు రాశారా?" అని అడిగారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

పోస్టు నీదేనని హెడ్మిస్ట్రెస్ పెద్దమ్మతో అన్నారు. పెద్దమ్మ కదల్లేదు. "నేను కాపీ కొట్టలేదని నా కాగితం మీద సార్ చేత్తో రాయించండి మేడమ్" అంది.

ఆయన ఇంగ్లీషులో రాశాడు. పరిస్థితులు అలా ఉన్నందువల్ల తాను పొరబడినా, ఆమె కాపీ కొట్టలేదని. పెద్దమ్మ చదివి వెనక్కిచ్చింది. "చంకన ఆ సాకెందుకు సార్? దింపేయండి."

మళ్లీ రాశాడు. ఆమె కాపీ కొట్టలేదు, కానీ అనుమానం రావడం సహజం.

"ఆ రెండోది మీ దగ్గరే ఉంచుకోండి సార్."

మూడోసారి మూడే ముక్కలు రాశాడు. ఆమె కాపీ కొట్టలేదు.

పెద్దమ్మ సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి దాని కింద ఒక గీత గీసింది. పెన్ను ఆయన ముందు పెట్టి, "రేపటి నుంచి మీ పుస్తకాలు మీరే దిద్దుకోండి సార్" అంది.